జీపు వెనక్కి నడవాలి

సకల జనుల సమ్మె మొదలై తొమ్మిదో రోజు. కొత్తపేట రైతుబజారు వెనక సందులో, తన ఇంటి మెట్ల కింద నీడలో కూర్చుని అండాలు ఎండుమిరపకాయల తొడిమెలు తీస్తోంది. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులకు తాళాలు. రోజూ ఉండే మోత లేకపోవడంతో మేడ మీద మాట్లాడుకున్న మాట కింది మెట్టు దాకా దిగి వస్తోంది.

"కార్తీకం రాగానే వెళ్ళిపోదామండీ," అంటోంది వేదవతి.

అండాలు చేతిలో మిరపకాయ రెండుగా విరిగింది. ఆ చేత్తోనే కన్ను తుడుచుకుని, మంటకు లేచి కుళాయి దగ్గరికి పరుగెత్తింది.

వేదవతి, సాంబమూర్తి ఆ మేడ మీద అద్దెకు దిగి ఇరవై మూడేళ్ళు. ఆమె బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది. ఆయన భూమి లోపలి రాళ్ళను పరీక్షించే సర్కారు కొలువు చేసి రిటైరయ్యాడు. తెనాలి వైపు వాళ్ళు. పిల్లలు లేరు. అండాలు గడ్డిఅన్నారం మార్కెట్లో బత్తాయిలు అమ్ముకుంటూ, గంపల్లో పరిచిన పాత పేపర్లలోంచి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువు నేర్చుకున్న మనిషి. ఒత్తుల దగ్గర తట్టుకుంటే మేడెక్కి వేదవతిని అడిగేది. ఇప్పుడు ఉప్పు ప్యాకెట్టు మీది చిన్నక్షరాల నుంచి కరెంటు బిల్లు వెనక నిబంధనల దాకా చదవకుండా ఏ కాగితాన్నీ వదలదు.

అయితే చదువు వచ్చినంత మాత్రాన భయం పోదు. ఆమె అన్న అంతయ్య మామిడికాయల లారీ ఎక్కి, రెండు రోజుల్లో వస్తానని నాగపూరు పోయాడు, మళ్ళీ రాలేదు. పెనిమిటి తన కాళ్ళ మీద తానే నడుచుకుంటూ దవాఖానకు పోయాడు, చెప్పులు మాత్రం ఇంటికి వచ్చాయి. బిడ్డ పెళ్ళై భివండీ పోయింది, ఏడాదికొకసారి వచ్చి రెండు రోజులు ఉంటుంది. ఎవరైనా బయల్దేరితే అండాలు సందు మలుపు దాకా చూడదు. సగంలోనే మొహం తిప్పుకుని ఇంట్లోకి వచ్చేస్తుంది.

ఆమె పుట్టిన నల్గొండ పల్లెలో 'పోదం' అంటే పోయి రావడం. 'ఎల్లిపోవుడు' అంటే తట్టాబుట్టా సర్దుకుని, చీపురుతో సహా తీసుకుని పోవడం. పైగా అది ఏ కాలం? ఆంధ్రా వాళ్ళ మీద గోడల నిండా ఏం రాతలున్నాయో చదివినదే కదా. 'ఎవరన్న ఏమన్న అన్నరా వీళ్ళను?' అని సందులోని ప్రతి మొహాన్నీ మనసులో నిలబెట్టి అడిగింది. పైకి వెళ్ళి వేదవతిని మాత్రం అడగలేదు. అడిగితే ఔనంటుందేమోనని.

మర్నాడు సాంబమూర్తి చంకలో దేశపటాల చుట్టతో దిగి వచ్చాడు.

"అండాళమ్మగారూ, మీ తమ్ముడు జంగయ్య షెడ్డులో పాత జీపులేమైనా ఉన్నాయేమో కనుక్కోవాలండి."

"జీపెందుకు సారూ ఇప్పుడు?"

"ముప్ఫై ఏళ్ళు ఆఫీసు జీపులో తిరిగానా, ఏ కొండ దగ్గరా మనసు తీరా కూర్చోలేదు. సంచిలో నాలుగు రాళ్ళేసుకోవడం, సాయంత్రానికి రిపోర్టు రాయడం. ఇప్పుడు నేనూ వేదా చలికాలం కచ్ ఎడారిలో, ఎండాకాలం హిమాలయాల్లో స్పితి అని ఒక లోయ ఉంది, అక్కడ గడుపుదామని. వానలు పడే వేళకి ఇంటికి. ఎనిమిది నెలలు. రోడ్డు లేని చోట కూడా పోవాలి, బండిలోనే పడుకోవాలి, చెడిపోతే నేనే బాగుచేసుకోగలగాలి. కొత్తవాటిలో అన్నీ కంప్యూటర్లే. అందుకని పాతది."

ఎనిమిది నెలలట. రాళ్ళు చూడటానికట. ఇల్లు ఖాళీ చేస్తున్నామని చెప్పడానికి నోరు రాక ఈ కథ అల్లారని అండాలు అనుకుంది. మొహం తిప్పుకుని, "పోండ్రి సారూ, మంచిగ పోండ్రి," అంది.

సాంబమూర్తి మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. పటాల చుట్టను ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుని పైకి వెళ్ళిపోయాడు.

కథో నిజమో, బండి ఎక్కి దూరం పోయిన మనిషి తిరిగి రాడన్న భయంతో, ఆటోలు కూడా లేక అండాలు నడుచుకుంటూ ఎల్బీనగర్ పోయింది. చౌరస్తా దాటి, రింగురోడ్డు వారనే జంగయ్య రేకుల షెడ్డు. షెడ్డు మీద ఉద్యమ జెండా, షెడ్డు కింద విప్పిన ఇంజన్లు.

"తమ్మీ, నాగపూరు దాటకుండ ఆగిపోయే జీపు ఒకటి సూసిపెట్టు."

జంగయ్య పానా కింద పెట్టి అక్క మొహంలోకి చూశాడు. "అందరు ఆగని జీపు అడుగుతరు. నీకేమైంది?"

"మా సారుకు. బండి ఆగిపోవాలె, మనుషులు మంచిగుండాలె. రైలెక్కి ఇంటికి రావాలె."

"గసుంటిది ఏ కంపినోడు చెయ్యలేదక్కా. చెడ్డ బండి నీ మాట ఇని నాగపూరుల ఆగుతదా? దాని బుద్ధి పుట్టిన కాడ ఆగుతది. లోయ పక్కన బిరేకు పోయిందనుకో, అప్పుడేం జేస్తవ్?"

అండాలు షెడ్డులో పాత టైరు మీద కూర్చుని, అతను తెప్పించిన చాయ్ చల్లారేదాకా చేతిలో పట్టుకుంది. తాగకుండానే లేచింది.

"నేనన్నది మరిసిపో. మంచిది సూడు. అన్నిట్ల మంచిది. నేను గూడ ఒస్త సూడనీకి."

మొదటి జీపు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక అమ్మకందారు దగ్గర ఉంది. ఎర్రటి కొత్త రంగు, నడుమెత్తు టైర్లు, ముందు నాలుగు లైట్లు. చూడగానే సాంబమూర్తి చిన్నపిల్లాడైపోయాడు. జంగయ్య జేబులోంచి అయస్కాంతం ముక్క తీసి ఒళ్ళంతా ఆనించుకుంటూ పోయాడు. రెండు చోట్ల అతుక్కుంది, మూడో చోట జారి కింద పడింది.

"ఈడ రేకు లేదు సారూ, పుట్టీ పెట్టి రంగేసిండ్రు."

అండాలు దగ్గరికి వచ్చి బానెట్ మీద అరచెయ్యి వేసింది. జ్వరం చూసినట్టు కాసేపు ఉంచింది.

"ఇది ఎచ్చగున్నదేంది?"

"ఇందాకనే కడిగి, జర పక్కకు పెట్టినమమ్మా," అన్నాడు అమ్మేవాడు.

జంగయ్య సాంబమూర్తి చెవి దగ్గరికి వచ్చాడు. "పొద్దుగాల సల్లగున్నప్పుడు ఇది ఏడిపిస్తదన్నట్టు. మనమొచ్చేలోపు ఎచ్చజేసి పెట్టిండు. మీరు పోయే కాడ మంచు ఉంటది సారూ."

అయినా సాంబమూర్తికి ఆశ చావలేదు. నడిపి చూద్దామన్నాడు. బందు పుణ్యమా అని రోడ్లన్నీ ఖాళీ. నాగోల్ దగ్గర మూసీ ఒడ్డుకు దిగే మట్టిదారి దాకా పోయారు. జీపు దర్జాగా దిగింది. తిప్పుకోబోతుంటే వెనక సీట్లోంచి అండాలు అంది, "తిప్పకు. ఎన్కకే ఎక్కియ్యి."

అమ్మేవాడు నవ్వాడు. "జీపు కొనెటోళ్ళు ముందుకు పోయేది సూస్తరు గదమ్మా."

"పోయేటియన్ని ముందుకే పోతయి. ఎన్కకొచ్చేది సూపియ్యి."

రివర్స్ గేరు వేశాడు. జీపు మూలుగుతూ ఒక బారెడు ఎక్కింది. అంతలో టక్కుమని చప్పుడై గేరు కర్ర దానంతట అదే ఊడి మధ్యకొచ్చి పడింది. జీపు కిందికి జారింది. బ్రేకు తొక్కి, మళ్ళీ వేశాడు. మళ్ళీ టక్కుమంది.

జంగయ్య వంగి గేరు కర్రను రెండుసార్లు వేసి తీసి చూశాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. "గేరు పండ్లు అరిగినయి. బరువు పడితే తప్ప బయటపడది. నేను గూడ చివర్ల గిట్ల సూద్దునో లేదో."

"అండాళమ్మగారూ, మీరు మా ఆఫీసులో ఉండాల్సిందండి," అన్నాడు సాంబమూర్తి. ఆ మాటకు అమ్మేవాడు తప్ప అందరూ నవ్వారు. అండాలుకు గేరు పండ్ల సంగతి తెలియదు. వెనక్కి రాని బండిలో వీళ్ళను పంపకూడదన్నదొక్కటే ఆమెకు తెలుసు.

అది మొదలు ఏ జీపు దగ్గరికి పోయినా అదే పరీక్ష. అమ్మేవాళ్ళు నవ్వేవాళ్ళు, తర్వాత నవ్వడం మానేవాళ్ళు. ఒకటి పొగ కక్కింది. ఒకటి ఎక్కింది గానీ, జంగయ్య కింద పడుకుని సుత్తితో కొడితే చాసిస్ తుప్పు పెంకులు పెంకులుగా రాలింది. "పైన బొమ్మ మంచిగున్నది, ఎముక లేదు," అన్నాడు దుమ్ము దులుపుకుంటూ.

పదిహేను రోజులకు గోపయ్య జీపు దొరికింది. ఆయన ఎల్బీనగర్ వాడే, వయసు మీద పడి నడపలేక అమ్ముతున్నాడు. పాకురులాంటి ఆకుపచ్చ రంగు, చిరిగిన సీట్లు. చూడముచ్చటేమీ లేదు. ఉద్యమంలో ఎక్కడ రోడ్డు మీద వంటావార్పు జరిగినా బియ్యం బస్తాలూ గుండిగలూ మోసింది ఆ జీపే. ఆ రోజు వేదవతి కూడా వచ్చింది. అండాలు బానెట్ ముట్టుకుంది. చల్లగా ఉంది. రెండో తిప్పుకే ఇంజన్ అందుకుంది. జంగయ్య నూనె మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టాడు, పొగ లేదు. కింద కొట్టి చూశాడు, గట్టి ఇనుము మోగింది. నాలుగు చక్రాలనూ కలిపే కర్ర వెన్నలా పడింది. మూసీ ఒడ్డున అంత ఏటవాలులో, అయిదుగురు మనుషుల్ని మోస్తూ, జీపు వెనక్కి వెనక్కి నడిచి పైకి వచ్చి నిలబడింది. గేరు కర్ర కదిలితే ఒట్టు.

అందరూ దిగి సంబరపడుతుంటే జంగయ్య అక్కను పక్కకు పిలిచాడు.

"అక్కా, ఇది యాడికంటే ఆడికి పోతది. ఒక్క వంక లేదు. నీకు వాళ్ళు పోవుడు ఇష్టం లేదు గద, ఏదన్న వంక జెప్పాల్నా? నా మాట సారు కాదనడు."

అండాలు జీపు వైపు చూసింది. వేదవతి వెనకాల ఎక్కి, కాళ్ళు చాపుకోవడానికి చోటు సరిపోతుందో లేదో పడుకుని చూస్తోంది. చీర కుచ్చిళ్ళు తలుపులోంచి బయటికి వేలాడుతున్నాయి. సాంబమూర్తి ఆ కుచ్చిళ్ళను లోపలికి తోస్తున్నాడు.

"ఉన్నదున్నట్టు జెప్పు," అంది అండాలు.

తిరిగి వస్తుంటే ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర రోడ్డు మధ్యనే పొయ్యిలు వెలిగి ఉన్నాయి. గోపయ్య జీపును చూడగానే కుర్రాళ్ళు దారి ఇచ్చారు గానీ, తినకుండా పోనివ్వలేదు. రోడ్డు మీదనే బంతి. విస్తరిలో అన్నం, పప్పు, పచ్చిపులుసు.

"సారూ, ఇంకింత పప్పు ఏసుకో, గట్ల సిగ్గుపడితే ఎట్ల," అన్నాడు వడ్డించేవాడు.

సాంబమూర్తి చెయ్యి అడ్డం పెట్టి తల ఊపాడు. "నీళ్ళు కావాల్నా?" అంటే గ్లాసు చూపించాడు. పొద్దుటి నుంచి ఇంజన్ల గురించి, ఎడారిలో ఉప్పు పొరల గురించి ఊపిరాడకుండా మాట్లాడిన మనిషి, అక్కడ కూర్చున్నంతసేపూ నోరు విప్పి ఒక్క ముక్క అనలేదు. నోరు విప్పితే ఆ యాస ఏ వైపుదో తెలిసిపోతుందని భయం. అక్కడ ఆయన్ని ఎవరూ ఏమీ అనేలా లేరు. అయినా ఆయన మూగవాడిలా తిన్నాడు. ఇరవై మూడేళ్ళుగా తన మేడ మీద ఉన్న మనిషి, తన ఊళ్ళో, తన పక్కన కూర్చుని మూగవాడు కావడం అండాలు చూసింది. ముద్ద విస్తరిలోనే వదిలి లేచింది.

చేతులు కడుక్కుని, రోడ్డు పక్క దిమ్మె మీద వేదవతి పక్కన కూర్చుంది.

"టీచరమ్మా, జీపు మంచిది. మీరు ఎల్లిపోతరు గద, నాకు రంది లేదు ఇగ."

"ఏమిటా మాట? వెళ్ళిపోవడం ఏమిటి?"

"నువ్వే అన్నవు గద. కార్తీకం రాంగనే ఎల్లిపోదమని. మెట్ల కింద కూసోని ఇన్న. ఇల్లు ఇడిసిపెట్టి పోతున్నమని నా మొహం మీద చెప్పలేక సారు జీపు కథ జెప్పిండు."

వేదవతి కళ్ళద్దాలు తీసి ఆమె వైపు తిరిగింది. "మేం కూరగాయలకి వెళ్ళినా వెళ్ళిపోదాం పదండి అంటాం అండాళమ్మగారూ. గుడికైనా అదే మాట. ఇన్నేళ్ళు విన్నారు కదా."

"ఇన్న. ఎన్నడూ గట్ల ఇనపడలేదు."

వేదవతి అద్దాలు కొంగుతో తుడుచుకుంది. "మీరేమో ఆయన్ని పోండ్రి, పోండ్రి అన్నారట. పైకొచ్చి అన్నం తినలేదు. ఇరవై మూడేళ్ళ తరవాత పొమ్మంటున్నారు వేదా, అన్నారు. అందరికంటే ముందు మీరే జీపు వెతకడానికి బయల్దేరితే నేనూ నిజమే అనుకున్నాను."

"అయ్యో నా తల్లీ. పోండ్రి అంటే పోయి రాండ్రి అని."

"తెలుసు. పాలవాడితో, మీ అమ్మాయితో అలాగే అంటారు. అప్పుడు నాకు తెలుస్తుంది. ఇప్పుడెందుకో తెలియలేదు."

ఇద్దరూ నవ్వారు. నవ్వి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. తర్వాత వేదవతే అంది, "అబద్ధం ఆడకూడదు. ఆ మాటా అనుకున్నాం. రాష్ట్రం వస్తే ఇక్కడుండగలమా అని ఆయన ఒకటి రెండుసార్లు అన్నారు. తెనాలిలో మాకిప్పుడు ఎవరున్నారు, అన్నాను. అక్కడితో ఆ మాట ఆగిపోయింది. ఏమవుతుందో నాకూ తెలియదు."

అండాలు ఆ మాటకు బెదరలేదు. ఇన్ని రోజులుగా తాను ఒక్కతే మోస్తున్న బరువుకు ఇంకొక చెయ్యి పడినట్టనిపించింది.

గోపయ్య జీపుకు ఒక్క చిక్కు మిగిలింది. అందరి బండ్ల మాదిరే, నంబరు పలక మీద ఏపీ చెరిపి టీజీ అని రాయించాడు. ఆ పేరుతో రాష్ట్రమే లేదు కనుక, సరిహద్దు దాటితే మొదటి చెక్‌పోస్టులోనే ఆపేస్తారు. "నా చేత్తోని నేను తుడువ సారూ. మీరు తుడుసుకోండ్రి," అన్నాడు గోపయ్య. సాంబమూర్తి పలక వైపు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "నేను తుడిస్తే బావుండదండి," అన్నాడు. బేరం కుదిరిన జీపు ఆ రెండక్షరాల దగ్గర నిలబడిపోయింది. అందరూ జంగయ్య వైపు చూశారు. షెడ్డు మీద జెండా కట్టినవాడు, సభలకు అందరికంటే ముందు పోయేవాడు. అతను కిరసనాయిలు గుడ్డ తీసుకుని కూర్చుని, గొణుక్కుంటూ తుడిచి, ఆ చోట మళ్ళీ ఏపీ అని రాశాడు.

"కొండల మీద మిమ్ముల ఆపితే మా అక్క నా పానం తీస్తది. ఒచ్చినాంక మల్ల రాస్త. అప్పటిదాంక సర్కారే రాస్తదేమో ఎవరికెరుక."

సమ్మె ముగిసి ఆఫీసులు తెరిచాక జీపును సాంబమూర్తి పేరుకు మార్చే పని మొదలైంది. ఆయన ఫలానా ఇంట్లో ఉంటున్నట్టు రుజువు కావాలన్నారు. ఇరవై మూడేళ్ళలో ఆ ఇంటికి అద్దె కాగితమన్నదే లేదు. మొదటి రోజు వేదవతి ఇచ్చిన తాంబూలమే కాగితం. జంగయ్య స్టాంపు పేపరు మీద తెలుగులో టైపు చేయించుకుని వచ్చాడు.

"సంతకం పెట్టక్కా, మూడింటికి ఆఫీసు మూస్తరు."

అండాలు కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి వరుస నుంచి మొదలుపెట్టింది. జంగయ్య గడియారం చూసుకున్నాడు. ఆమె పెదాలు కదుపుతూ ఒక్కో మాటా చదివింది. మధ్యలో వేలు ఆగింది.

"ఇదేంది? పదకొండు నెలలు ముగిసిన పిదప ఇల్లు ఖాళీ చేసి స్వాధీనపరచవలెను. ఎవరు రాయమన్నరు?"

"అందరికి గట్లనే ఉంటదక్కా. పదకొండు నెలలే రాస్తరు. అది పద్ధతి."

"నేను పెట్ట."

"అక్కా..."

"ఎనిమిది నెలలు కొండల్ల ఉంటరు. ఒచ్చి మూడు నెలలు కూసుంటరో లేదో, ఖాళీ చెయ్యమంటవా? కొట్టెయ్యి గా మాట."

"కొట్టేస్తే చెల్లదు."

సాంబమూర్తి నవ్వాపుకుంటూ పెన్ను తీశాడు. ఆ వరుస కింద ఖాళీ జాగాలో రాసి, చదివి వినిపించాడు. "ఉభయుల ఇష్టప్రకారం ఈ గడువును ఎన్నిసార్లయినా పొడిగించుకొనవచ్చును. చాలా అండాళమ్మగారూ?"

ఆమె కాగితాన్ని తనవైపు తిప్పుకుని, 'ఎన్నిసార్లయినా' అన్న మాటను ఒత్తులతో సహా రెండుసార్లు చదువుకుంది.

"ఈ పదకొండు నెలలు ఎన్నటి సంది?"

"ఇయ్యాల్టి సంది," అన్నాడు జంగయ్య.

"అట్ల కాదు. వీళ్ళు తిరిగొచ్చిన దినం సంది అని రాయి."

"అక్కా, ఎన్నడొస్తరో తెల్వని తేదీ ఎట్ల రాయాలె? ఆఫీసోడు నా మొహం మీద ఇసిరేస్తడు. సారోళ్ళు పోవాల్నా వద్దా?"

అండాలు వేదవతి వైపు చూసింది. వేదవతి కళ్ళు దించలేదు. అండాలు పెన్ను అందుకుని, మోకాలి మీద అట్ట పెట్టుకుని, తొందర లేకుండా తన పేరు రాసింది. కాగితం జంగయ్య చేతిలో పెట్టింది.

"ఇది సర్కారు లెక్క. నా లెక్క మీరొచ్చిన నాడు మొదలైతది, టీచరమ్మా."

"అప్పటిదాకా మేడ మీద మా సామానుకి అద్దె?"

"మీ మొక్కలకు నీళ్ళు పోసేదెవరు? మీరే నాకు బాకీ పడ్తరు. ఒచ్చినాంక తేల్చుకుందం."

జంగయ్య అప్పటికే మోటారుసైకిలు ఎక్కి, మూడు లోపల ఆఫీసుకు చేరాలని సందు మలుపు తిరుగుతున్నాడు.